టెక్సస్ స్టేట్ రెప్ నెలవారీ ఉత్తరం: చెత్తబుట్టలో వేయకండి, అలాగని నమ్మేయకండి

ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్, కేటీ, సీడర్ పార్క్‌ల వైపు ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో చాలామందికి తమ స్టేట్ రెప్రజెంటేటివ్ (రాష్ట్ర దిగువ సభ సభ్యుడు, వాడుకలో స్టేట్ రెప్) ఆఫీసు నుంచి నెలకోసారి ఒక ఇమెయిల్ వస్తుంది. పైన ఫొటో, దాని కింద ఈ సమావేశాల్లో సాధించినవాటి చిట్టా, ఆ తర్వాత కొత్త చట్టాల జాబితా, చివర్లో చిన్న అక్షరాల్లో టౌన్‌హాల్ తేదీలు, ఇంటి పన్ను గడువులు. ఎక్కువమంది దాన్ని తెరవరు. తెరిచినవాళ్లలో కొందరు జాబితాలో ఉన్న ప్రతి వాక్యమూ చట్టమే అనుకుని వాట్సాప్ గ్రూపుల్లోకి పంపిస్తారు. తెరవనివాళ్లకు కొన్ని గడువులు దాటిపోతాయి, అంతే. పంపించేవాళ్ల వల్ల వందల కుటుంబాలు తప్పుదారి పడతాయి.

ఈ ఉత్తరాన్ని కింది నుంచి పైకి చదవాలన్నది నా వాదన. చివరి చిన్న అక్షరాలే అన్నిటికన్నా పనికొచ్చేవి. పైనున్న చట్టాల జాబితాలో ప్రతిదానికీ బిల్లు నంబరేమిటి, ఎప్పటి నుంచి అమలు, ఎవరికి వర్తిస్తుంది అని మూడు విషయాలు తేల్చుకున్నాకే నమ్మాలి. ఈ మూడూ రాయని సభ్యుణ్ని రాయమని అడగాలి కూడా.

"మనకు ఓటు లేదు కదా, మనకెందుకు" అనే మాట ముందు తీసేద్దాం. టెక్సస్ దిగువ సభ అయిన హౌస్‌లో 150 సీట్లు. 2020 జనగణన లెక్కన ఒక్కో నియోజకవర్గానికి దాదాపు 1,94,000 మంది. ఆ లెక్కలో ఓటర్లే కాదు, మనుషులందరూ ఉన్నారు. హెచ్-1బీ మీదున్న భార్యాభర్తలు, వాళ్ల పిల్లలు, ఊరి నుంచి వచ్చి గ్రీన్‌కార్డు మీద ఉంటున్న అమ్మానాన్నలు, అందరినీ లెక్కేసుకునే ఆ సీటు గీశారు. ఆఫీసుకు ఫోన్ చేస్తే అడిగేది ఇంటి చిరునామా, ఓటరు కార్డు కాదు.

మన ఎమ్మెల్యేతో పోల్చి చూస్తే ఇక్కడి పద్ధతి వేరు. టెక్సస్ సభ్యుడి జీతం నెలకు 600 డాలర్లు. సమావేశాలు రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజుల్లో ముగుస్తాయి. మిగతా కాలమంతా చాలామంది తమ లాయరు ప్రాక్టీసో, వ్యాపారమో చూసుకుంటారు. గవర్నరు ప్రత్యేక సమావేశాలు పిలిస్తే తప్ప ఆ పంతొమ్మిది నెలల్లో కొత్త చట్టం ఒక్కటీ పుట్టదు. అయినా ఉత్తరం నెలనెలా రావాలి కాబట్టి ఆఫీసు సిబ్బంది పాత చట్టాలనే తిప్పి తిప్పి రాస్తారు. 2025లో పాసైనది 2026లోనూ "కొత్త చట్టం"గానే కనిపించేది అందుకే. అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే కొన్ని నిజంగానే ఆలస్యంగా అమల్లోకి వస్తాయి. ఏది ఎప్పుడన్నది మాత్రం రాయాలి.

ఎవరి దగ్గరికి ఏ పనికి వెళ్లాలో తెలియక పోయే సమయం కూడా తక్కువేమీ కాదు. హెచ్-1బీ పొడిగింపు ఆగినా, గ్రీన్‌కార్డు ఫైలు కదలకపోయినా, పాస్‌పోర్టు అత్యవసరమైనా స్టేట్ రెప్ చేయగలిగింది ఏమీ లేదు. అవి ఫెడరల్ పనులు, వాటికి మీ ప్రాంతపు అమెరికా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసును అడగాలి. అక్కడ ముందుగా మీ ఫైలు వివరాలు చూడటానికి అనుమతిచ్చే ప్రైవసీ రిలీజ్ ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు. స్టేట్ రెప్ ఆఫీసు కదిలించగలిగినవి వేరే ఉన్నాయి: డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చే డీపీఎస్‌లో ఇరుక్కున్న దరఖాస్తు, నర్సింగ్ బోర్డులోనో మెడికల్ బోర్డులోనో ఆగిన లైసెన్సు, వర్క్‌ఫోర్స్ కమిషన్ దగ్గర నిరుద్యోగ భృతి, పిల్లల మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా). రాష్ట్ర ఏజెన్సీల్లో శాసనసభ్యుల ఆఫీసుల ప్రశ్నలకు జవాబివ్వడానికే ప్రత్యేకంగా మనుషులు ఉంటారు. మామూలు హెల్ప్‌లైన్‌లో దొరకని మనిషి ఆ దారిలో దొరుకుతాడు. అడిగేటప్పుడు కేసు నంబరు, దరఖాస్తు తేదీ, ఏజెన్సీ చివరిసారి ఏం చెప్పింది, మీకు ఏం కావాలి, ఈ నాలుగూ పది వాక్యాల్లో రాయండి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇమెయిల్‌లో పెట్టకండి. ఫైలు కదులుతుంది గానీ నిర్ణయం మారుతుందని ఆశించకూడదు. ఆ అధికారం సభ్యుడికి లేదు.

ఇక చట్టాల జాబితా. ఇక్కడ క్రియాపదాలను పట్టుకుని చదవాలి. "ప్రవేశపెట్టాను" అంటే కాగితం ఇచ్చారని అర్థం. వేల బిల్లులు దాఖలవుతాయి, ఎక్కువ భాగం కమిటీ గడప దాటవు. దాటినవాటిలోనూ చాలావరకు ఏ బిల్లు ఎప్పుడు సభ ముందుకు రావాలో తేల్చే క్యాలెండర్స్ కమిటీ దగ్గరో, మే నెల మధ్యలో హౌస్ పెట్టుకున్న గడువు రాత్రి పన్నెండింటికో ఆగిపోతాయి. "హౌస్‌లో పాస్ చేశాం" అంటే సగం దారి. "రెండు సభల్లోనూ పాసైంది" అన్నా ఇంకా గవర్నరు ఉన్నాడు. 2025లో సెనేట్ బిల్లు 3 అలాగే పోయింది. గంజాయి జాతి మొక్క నుంచి తీసే, మత్తునిచ్చే టీహెచ్‌సీ ఉత్పత్తులను నిషేధించే ఆ బిల్లు రెండు సభలూ దాటింది. సమావేశాలు జూన్ 2న ముగిశాయి. తర్వాత గవర్నరుకు ఉండే గడువు ఇరవై రోజులు, ఆ చివరి రోజైన జూన్ 22 రాత్రి గవర్నర్ గ్రెగ్ ఆబట్ దాన్ని వీటో చేశారు. జూన్ మొదటి వారపు ఉత్తరంలో నిషేధం వచ్చేసిందని చదివినవాళ్లకు అది తప్పు సమాచారమైంది. గవర్నరు సంతకమూ పెట్టకుండా, వీటో కూడా చేయకుండా వదిలేస్తే బిల్లు చచ్చిపోదు, సంతకం లేకుండానే చట్టమవుతుంది.

సభ్యుడి పేరు ఎక్కడుందో కూడా చూడాలి. బిల్లు రాసి నడిపినవాడు ఆథర్. పక్క సభలో దాన్ని మోసినవాడు స్పాన్సర్. కోఆథర్ అంటే చాలాసార్లు సమర్థనగా పేరు చేర్చుకున్నవాడు. కోఆథర్‌గా ఉన్న బిల్లును "నా బిల్లు" అని రాసుకోవడం ఉత్తరాల్లో మామూలైపోయింది. అది అబద్ధం కాకపోయినా నిజం కూడా కాదు.

అమలు తేదీకి టెక్సస్‌లో మూడు దారులున్నాయి. బిల్లులోనే తేదీ రాసుకోవచ్చు, సాధారణంగా సెప్టెంబరు 1 అని రాస్తారు. ఏమీ రాయకపోతే సమావేశాలు ముగిసిన 91వ రోజు. రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు, అంటే హౌస్‌లో 100 మంది, సెనేట్‌లోని 31 మందిలో 21 మంది, ఒప్పుకుంటే వెంటనే. 2025లో జూన్ 2 నుంచి లెక్కేస్తే 91వ రోజు కూడా సరిగ్గా సెప్టెంబరు 1కే వచ్చింది, అందుకని అందరి నోటా అదే తేదీ వినిపించింది. కానీ బడుల్లో ఫోన్లను కట్టడి చేసిన హౌస్ బిల్లు 1481 ఆ జూన్‌లో గవర్నరు సంతకంతోనే అమల్లోకి వచ్చింది. స్కూల్ డిస్ట్రిక్టులకు తమ నియమం రాసుకోవడానికి 90 రోజులు ఇచ్చారు. స్మార్ట్ వాచీలు కూడా ఆ నిషేధంలో ఉన్నాయి. డాక్టరు చీటీ ఉన్న పిల్లలకు మినహాయింపు ఉంది, ఉదాహరణకు గ్లూకోజ్ చూసుకోవడానికి ఫోన్ కావాల్సిన పిల్లలకు. ఆ మినహాయింపును మూడు ముక్కల్లో రాయొచ్చు. "క్లాసురూముల్లో ఫోన్లు బంద్" అని సంబరంగా ప్రకటించే ఉత్తరం ఆ మూడు ముక్కలు వదిలేస్తే ఒక డయాబెటిక్ పిల్లాడి తల్లికి నిద్ర ఉండదు.

సగం వార్త ఎంత పని చేస్తుందో చూడాలంటే వాహన ఇన్‌స్పెక్షన్ సంగతి చాలు. 2023లో పాసైన హౌస్ బిల్లు 3297 ప్రకారం 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. ఉత్తరాల్లో శీర్షికగా ఎక్కింది "ఇక కారు ఇన్‌స్పెక్షన్ లేదు" అన్న ముక్క. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హ్యారిస్, ఫోర్ట్ బెండ్, ట్రావిస్, విలియమ్సన్‌తో కలిపి 17 కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ (పొగ పరీక్ష) మాత్రం అలాగే ఉంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండేదీ ఆ కౌంటీల్లోనే. పెట్రోలు కారు వయసు రెండు నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య ఉంటే ఆ టెస్ట్ పాసవకుండా రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదు. శీర్షిక చదివి ఊరుకున్నవాళ్లకు స్టిక్కరు గడువు ముగిసే రోజున ఆన్‌లైన్ రెన్యువల్ తిరస్కరిస్తుంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతూ ఉంటే టెస్ట్ ఫెయిలవుతుంది. బ్యాటరీ ఈమధ్యే తీసి పెట్టించుకుంటే కారులోని కంప్యూటరు ఇంకా సిద్ధం కాలేదని వెనక్కి పంపుతారు, కొన్ని రోజులు నడిపి మళ్లీ వెళ్లాలి. కాబట్టి గడువుకు 90 రోజుల ముందు నుంచే చేయించుకోవచ్చన్న అవకాశాన్ని వాడుకోవాలి.

ఆ చట్టం డబ్బును కూడా తీసేయలేదు. ఇన్‌స్పెక్షన్ పోయినా దాని బదులు 7.50 డాలర్ల ఫీజు రిజిస్ట్రేషన్‌లో కలిపారు. కొత్త కారుకైతే మొదటి రెండేళ్లకు కలిపి 16.75. ఎలక్ట్రిక్ కారుకు ఎమిషన్ టెస్ట్ లేదు గానీ, 2023 సెప్టెంబరు నుంచి రిజిస్ట్రేషన్ మీద ఏటా 200 డాలర్లు అదనం, కొత్త బండికి మొదట్లోనే 400. ఇది వేరే చట్టం, సెనేట్ బిల్లు 505. ఫీజు తగ్గిందని రాసినవాళ్లు ఇది కూడా రాసి ఉండాల్సింది.

ఇంటి పన్ను మీద ఉత్తరాలు ఇంకా ఉదారంగా మాట్లాడతాయి. 2025లో సెనేట్ బిల్లు 4 హోమ్‌స్టెడ్ మినహాయింపును, అంటే మనం ఉండే సొంత ఇంటి విలువలో స్కూలు పన్ను పడని భాగాన్ని, లక్ష డాలర్ల నుంచి 1,40,000కు పెంచింది. దీనికి రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించాలి. కాబట్టి బిల్లుతో పాటు ఒక జాయింట్ రిజల్యూషన్ కూడా మూడింట రెండొంతుల ఓటుతో పాసై, నవంబరు 4న జనం ముందుకు ప్రపొజిషన్ 13గా వచ్చింది, నెగ్గింది. 2025 పన్ను నుంచే వర్తించింది. వేసవి ఉత్తరాల్లో "పన్ను తగ్గించేశాం" అని చదివి నవంబరు ఓటుకు వెళ్లని పౌరులు ఎంతమందో! అసలు పని ఆ రోజునే ఉంది.

ఎంత మిగులుతుందో ఒక ఊహా లెక్క వేద్దాం. ఇంటి విలువ 4,50,000 డాలర్లు, స్కూల్ డిస్ట్రిక్టు పన్ను వంద డాలర్లకు ఒక డాలరు అనుకోండి. పాత మినహాయింపుతో 3,50,000 మీద 3,500 కట్టాలి. కొత్తదానితో 3,10,000 మీద 3,100. ఆదా 400. ఇది ఒక్క స్కూలు పన్ను మీదే. సిటీ, కౌంటీ, కమ్యూనిటీ కాలేజీ, కొత్త కాలనీల్లో నీళ్లు, మురుగు ఏర్పాట్లకు వసూలు చేసే మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) పన్ను, వీటిలో దేనికీ ఈ పెంపు వర్తించదు. కొత్త కాలనీలో మడ్ పన్నే నడ్డి విరుస్తుంది, దాని గురించి ఈ ఉత్తరాల్లో ఒక్క ముక్క కనిపించడం అరుదు. 65 ఏళ్లు దాటినవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు సెనేట్ బిల్లు 23, ప్రపొజిషన్ 11తో మరో 60,000 కలిసి మొత్తం 2,00,000 మినహాయింపు వస్తుంది. ఇల్లు అమ్మానాన్నల పేరు మీద కూడా ఉన్న కుటుంబాలు ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఈ మినహాయింపు దానంతట అది రాదు. ఇళ్ల విలువ కట్టే స్థానిక ఆఫీసైన అప్రైజల్ డిస్ట్రిక్టుకు ఒకసారి దరఖాస్తు పెట్టాలి, ఫీజు లేదు. డబ్బు తీసుకుని మేం పెట్టిస్తామంటూ ప్రైవేటు కంపెనీలు ఉత్తరాలు పంపుతాయి, వాటికి పైసా ఇవ్వక్కర్లేదు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్న చిరునామా ఆ ఇంటిదే అయి ఉండాలి, దరఖాస్తులు ఇక్కడే వెనక్కి వస్తాయి: అపార్టుమెంటు చిరునామా మార్చుకోకుండా పెట్టేస్తారు. పౌరసత్వం షరతు కాదు, అది మీ సొంత ఇల్లై, మీరు ముఖ్యంగా ఉండేది అక్కడే అయి ఉండాలి. గడువు ఏప్రిల్ 30 అయినా, మరిచిపోయినవాళ్లు పన్ను బకాయి పడే తేదీ నుంచి రెండేళ్లలోపు పెట్టుకోవచ్చు. 2023 చట్టం ప్రకారం ఐదేళ్లకోసారి అర్హతను మళ్లీ సరిచూస్తారు. ఆ నోటీసు వచ్చినప్పుడు జవాబివ్వకపోతే మినహాయింపు ఊడుతుంది. ఇంటి విలువ ఎక్కువ వేశారనిపిస్తే నిరసన తెలపడానికి గడువు మే 15, లేదా నోటీసు వచ్చిన 30 రోజులు, ఏది తర్వాతైతే అది. ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో ఉంటాయన్నది ఇవే.

మనవాళ్లను ఎక్కువగా భయపెట్టింది సెనేట్ బిల్లు 17. విదేశీయులు టెక్సస్‌లో ఇల్లు కొనకూడదని 2025 వసంతంలో గ్రూపులన్నీ మోగిపోయాయి. చట్టం చెప్పేది చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యాల గురించి. అందులో భారత్ లేదు. ఏడాది, అంతకు మించిన లీజు కూడా కొనుగోలు కిందే వస్తుంది. ఇంతవరకు ఊరట కలిగించే విషయమే. కానీ ఇతర దేశాలను చేర్చే అధికారం గవర్నరుకు ఇచ్చే భాగం హౌస్‌లో సవరణగా వచ్చి చేరింది. సెనేట్ దాటినప్పటి పాఠం చదివినవాళ్లకు ఇది కనపడదు. ఈ ఒక్క కారణానికైనా చివరి పాఠాన్నే చదవాలి.

చదవడం కష్టం కాదు. టెక్సస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్ అనే ప్రభుత్వ సైటులో సమావేశం సంఖ్య ఎంచుకోండి, 2025ది 89వది. బిల్లు నంబరు కొట్టండి. హిస్టరీలో ఏ రోజు ఏం జరిగిందో కింది నుంచి పైకి ఉంటుంది. టెక్స్ట్ అన్న చోట ఇంట్రడ్యూస్డ్, కమిటీ రిపోర్ట్, ఎన్‌గ్రాస్డ్, ఎన్‌రోల్డ్ అని వరుసగా పాఠాలు కనిపిస్తాయి. రెండు సభలూ దాటిన చివరి పాఠం ఎన్‌రోల్డ్, దాన్ని తెరవండి. నేరుగా ఆఖరి సెక్షనుకు వెళ్లి అమలు తేదీ చూడండి, దాని పైనున్న ఒకటి రెండు సెక్షన్లలో ఇది ఏ తేదీ తర్వాతి లావాదేవీలకు వర్తిస్తుందో ఉంటుంది. తర్వాతే మొదటికి రండి. పాత చట్టంలో కొట్టేసిన మాటల మీద గీత, కొత్తగా చేర్చినవాటి కింద గీత ఉంటాయి కాబట్టి తేడా కంటికే తెలుస్తుంది. పక్కనే ఫిస్కల్ నోట్ ఉంటుంది, ఖర్చు ఎంతో అందులో రాస్తారు. పావుగంట పని.

కోర్టు సంగతి మాత్రం ఆ సైటులో సరిగా తెలియదు. యాప్ స్టోర్లు వయసు సరిచూడాలన్న సెనేట్ బిల్లు 2420 అమలు తేదీ 2026 జనవరి 1. ఆ తేదీకి కొద్ది రోజుల ముందు ఫెడరల్ జడ్జి దాన్ని నిలిపేశారు. కోర్టుకెక్కిన చట్టం గురించి ఉత్తరంలో చదివితే అదే వారపు వార్తలు కూడా చూసుకోవాలి.

ఈ ఉత్తరాల మీద నాకున్న గట్టి ఫిర్యాదు ఓట్ల గురించి. సభ్యుడు దేనికి అనుకూలంగా, దేనికి వ్యతిరేకంగా ఓటేశాడో రాయడు. గెలిచిన బిల్లులన్నీ "మనం" చేసినవి, ఓడినవాటి ఊసే ఉండదు. హౌస్ జర్నల్‌లో ప్రతి రికార్డు ఓటుకూ నంబరు, పేర్ల జాబితా ఉంటాయి. అక్కడి నుంచి ఐదు ముఖ్యమైన ఓట్లను నెలనెలా ఉత్తరంలో పెట్టడానికి ఖర్చేమీ కాదు. అలా పెట్టే ధైర్యం ఉన్న సభ్యుడు ఏ పార్టీవాడైనా నాకు గౌరవమే. హైదరాబాద్‌లో, అమరావతిలో మన ఎమ్మెల్యేలు నెలనెలా ఇలాంటి లెక్క రాసి పంపే ఆనవాయితీ లేదు, రావాలని గట్టిగా కోరుకుంటాను. వస్తే మాత్రం ఫొటోల పుస్తకంలా కాక ఓట్ల పట్టికతో రావాలి.

ఉత్తరం అడుగున ఏం రాసి ఉందో కూడా చూడండి. రాజకీయ ప్రకటన, ఫలానా ప్రచార కమిటీ ఖర్చు పెట్టింది అని ఉంటే అది ఎన్నికల కరపత్రం. చందా అడిగే బటన్ ఉన్నదీ అంతే. ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చేదాంట్లో హౌస్ చిరునామా, క్యాపిటల్ ఆఫీసు, నియోజకవర్గ ఆఫీసు ఫోన్ నంబర్లు ఉంటాయి. కేసు పనికి రాయాల్సింది ఈ ప్రభుత్వ ఆఫీసుకే. తెలుగు సంఘాలకు ఇచ్చే అభినందన రిజల్యూషన్ల (సభా తీర్మానాల) ఫొటోలు ఈ రెండు రకాల ఉత్తరాల్లోనూ వస్తాయి. ఆ గౌరవం మంచిదే, దానికి చట్టబలం ఏమీ ఉండదు.

తర్వాతి సమావేశాలు 2027 జనవరి 12న మొదలవుతాయి. బిల్లులు మాత్రం 2026 నవంబరు 9 నుంచే దాఖలు చేయొచ్చు, మామూలు బిల్లులకు ఆఖరు తేదీ మార్చి 12. ఏదైనా చట్టం కావాలనుకునేవాళ్లు అడగాల్సింది సమావేశాలు మొదలయ్యాక కాదు, ఆ నవంబరుకు ముందు. అప్పుడు ఆఫీసులో సిబ్బందికి తీరిక ఉంటుంది, ఏ బిల్లులు రాయాలో తేలేది అప్పుడే. సమావేశాలు నడుస్తుంటే హౌస్ కమిటీ విచారణకు వచ్చిన బిల్లుల మీద టెక్సస్ నివాసులు ఆన్‌లైన్‌లో అభిప్రాయం పంపొచ్చు, దానికి పౌరులై ఉండక్కర్లేదు. సెనేట్ కమిటీకి చెప్పాలంటే ఆస్టిన్ వెళ్లాలి. ఉత్తరానికి జవాబు రాసేటప్పుడు మొదటి వాక్యంలో మీ వీధి, జిప్ కోడ్ రాయండి, రెండో వాక్యంలో బిల్లు నంబరు, మూడో దాంట్లో అవునో కాదో. కారణం ఒక్క పేరాలో చాలు. మడ్ పన్ను మీద రాసేవాళ్లు తమ పన్ను రసీదు కాపీని జత చేస్తే సిబ్బంది పని ఇంకా తేలికవుతుంది.